బంక పొర

బీలలో ఎర్ర జెండాలు పాతి నాలుగు రోజులైంది.
కొంగలు వాటి పక్కనే మేస్తున్నాయి, వాటికేటి తెలుసు.

స్కూలు వరండాలో మీటింగు.
"చమురు మూడు వేల మీటర్ల కింద.
మీ నీళ్లకేం కాదు" అన్నాడు ఇంజినీరు,
గోడ మీద రంగురంగుల భూమిని చూపిస్తూ.

నూతులు తవ్వే దాలయ్య లేచాడు.
"పన్నెండు మూరలకి తీపి నీరు, బాబూ.
దాని కింద బంక, జానెడే.
ఆ కిందంతా ఉప్పు.
మా అయ్య గునపం అక్కడ ఆపీసేవోడు.
దాన్ని పగలెయ్యకుండా మీరెలాగ దిగుతారు?"

ఇంజినీరు ఏదో రాసుకున్నాడు.
టీలొచ్చాయి.

వచ్చినట్టు గుర్తుకని వేలిముద్రలు.
జీడితోట దారిలో తవిటమ్మత్త
బొటనవేలు ఇసకలో రుద్దుతూ,
ఆకుతో రుద్దుతూ,
"ఆ కాయితం మీద ఏటి రాసుందే?" అంది.

చదువుకున్నదాన్ని నేను.
చూడలేదు.