కందగడ్డ

మా భాషలో కోపానికి ఒక దుంప ఉంది.
ఎవరి మొహమైనా ఎర్రబడితే
కందగడ్డైందంటాం, తేలిగ్గా.
తొక్క కింద ఏం జరుగుతోందో అడగం.

షెఫీల్డ్‌లో, వాక్లీ గుట్ట మీద
బడి వంటగదిలో నాది గరిటె పని.
పదకొండున్నరకి ట్రే మూత లేపుతానా,
ఆవిరి నన్ను పేరుపెట్టి పిలుస్తుంది.
ముందు ముక్కు పక్కన సన్నటి చిటపట,
తర్వాత చెంపలు,
చింతనిప్పులు పరిచి పైన జల్లెడ బోర్లించినట్టు.
ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు గంట.
కళ్ళలో ఇసుక.
చేతులు మాత్రం బంగాళాదుంపలు వడ్డిస్తూనే ఉంటాయి.

పక్క ట్రే దగ్గర గ్లెనిస్.
ఆమె చర్మం ఏదీ దాచలేదు.
మెడ దాకా జేవురిస్తుంది.
పిల్లలు టమాటా అంటారు.
ఆరేళ్ళవాడొకడు మాత్రం
"ఏడ్చావా?" అని అడిగాడు,
వాడికి ఇంకో గరిటె కస్టర్డ్ పడింది.
తాగుతుందని వీధిలో అనుకుంటారట.
క్రిస్మస్‌కి కూడా నిమ్మరసమే ఆమెకి.

నన్నెవరూ ఏమీ అనరు.
నాది ఇనప మూకుడు ఛాయ.
మూకుడు ఎంత కాలిందో
చూస్తే తెలుస్తుందా?
నీళ్ళు చిలకరించాలి.

మొదటి డాక్టరు నాకు బొమ్మలు చూపించాడు.
ఆరు మొహాలు, ఆరూ మీగడ మొహాలు.
"మీకు ఎరుపు కనబడట్లేదే" అన్నాడు, ఎంతో మర్యాదగా.
మొటిమలన్నాడు. ఏడాదికి అలర్జీ అన్నాడు.
సబ్బు మార్చాను. గలీబులు మార్చాను.
మిరియాల చారు మానేశాను,
అదెంత పెద్ద మాటో రాసుకోవడానికి
ఆయన కాగితంలో గడి లేదు.
జనవరిలో ఫ్యాన్ పెట్టుకు పడుకుంటే
మా ఆయన మంకీ టోపీతో పక్కన పడుకున్నాడు, పాపం,
నోరెత్తకుండా.
గుళ్ళో ఒకావిడ చెవిలో చెప్పింది:
తెల్లబడే క్రీము రాయి, మచ్చలు పోతాయని.
రాశాను. దాచడమెందుకు.
నాలుగు రాత్రులు మొహం సున్నపు బట్టీ.

ఈ మార్చిలో కొత్తమ్మాయి వచ్చింది,
డాక్టర్ ఒయెలరాన్. ఇంకా శిక్షణలోనే ఉందట,
మెడలో కార్డు తిరగబడి వేలాడుతోంది.
బొమ్మల జోలికి పోలేదు.
"ముట్టుకోవచ్చా?" అని
చేతి వెనకవైపు నా చెంపకి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
కాసేపు తియ్యలేదు.
"మండుతోంది కదూ" అంది.

ఏడిస్తే ఇంకా మండుతుందని తెలుసు.
అయినా ఏడ్చాను.

రోజేషియా అని పేరు చెప్పింది.
కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పొయ్యాలనిపించే పేరు.
జెల్ ఇచ్చింది, రాత్రీ పొద్దునా బఠాణీగింజంత.
పోదు, తగ్గుతుంది అంది.
ఎండ, ఉక్క, ఈదురుగాలి, కోపం,
వీటితో జాగ్రత్త అంది.
ఎండ సంగతి షెఫీల్డే చూసుకుంటుంది.
కోపం మాట నేనేమీ ఒప్పుకోలేదు.

మర్నాడు గ్లెనిస్‌కి చెప్పాను.
గరిటె ఆపి నా మొహంలోకి చూసింది,
కిటికీలో దీపం ఉందా లేదా అని
వీధిలోంచి చూసేవాళ్ళలా.
"నీకూనా? ఏడేళ్ళు నా పక్కనే నిలబడి?"
ఆ తర్వాత మాట్లాడలేదు.
ఫ్రీజర్ గది తలుపు తెరిచి నన్ను లోపలికి లాగింది.
పచ్చిబఠాణీల సంచులు రెండు,
నాకొకటి, తనకొకటి.
అటు చెంప, ఇటు చెంప.
ఇద్దరి నోట్లోంచీ పొగలాంటి ఊపిరి.
బయట ఎవరో ఉప్పు ఎక్కడని అరుస్తున్నారు.

పన్నెండుకి గంట కొడతారు.
ఆ బఠాణీలు ఇవాళ్టి వంటలోవే.
సంచులు దించి చూసుకున్నాం.
తనదాంట్లో గింజలు ఇంకా గలగలమంటున్నాయి.
నాది మెత్తబడి నీరు కారుతోంది.
గ్లెనిస్ దాన్ని దీపం కింద ఎత్తిపట్టుకుని
"చూడు, చూడు" అంది,
ఎవరికో సాక్ష్యం చూపిస్తున్నట్టు.