తూర్పు హద్దు

పదింటికొక ఫైలు నా బల్ల మీదికొస్తుంది.
ఏ పదిలో ఏదన్నది కంప్యూటరు తీస్తుంది,
చీటీ పాటలో పేరు తీసినట్టు.
అప్పటికే లాయరు చూసుంటాడు, వాల్యుయర్ చూసుంటాడు,
మంజూరు చేసే చంద్రకళ రెండుసార్లు చూసుంటుంది.
అందరూ చూశాక చూడటం నా ఉద్యోగం,
పాలకొల్లులో, మందుల షాపు మీది గదిలో.

ఈ వారం నేతల సువార్తమ్మ, తాళ్ళలంక.
రొయ్యల షెడ్డులో తలలు తీసే పని, రాత్రిళ్ళు లేసు అల్లకం.
అడిగింది ఆరు లక్షలు.
రెండు గదులు. పైన రేకులు కాదు, శ్లాబు.

జీతం చీటీలు మూడింటికీ ఒకటే ఇంకు, ఒకటే వంకర.
షెడ్డుకి ఫోన్ చేశాను,
ఫైల్లో ఉన్న నంబరుకి కాదు, నేను వెతుక్కున్న నంబరుకి.
వెనక ఐసు మర రొద.
"ఆవిడాండి? ఇవాళా వచ్చిందండి.
మూడూ ఒక్కరోజే రాశానండి, అడిగితేనే కదండి రాసేది."
అబద్ధం కాదు, బద్ధకం. సరి.
లింకు దస్తావేజులో అమ్మమ్మ వేలిముద్ర. సరి.
ఒకచోట 'సు'కి బదులు 'శు' పడింది,
దానికో అఫిడవిట్. సరి.

దక్షిణం పెచ్చెట్టి వారి కొబ్బరితోట.
పడమర పంచాయతీ బాట.
ఉత్తరం గెడ్డం ఇశ్రాయేలు ఇల్లు.
తూర్పు గోదావరి.

ఫోటోలో ఏటికి ఇవతల మునగచెట్టు,
ఆకు కనపడనంత పూత.
అది మాఘమాసపు పూత.
ఫోటో కింద తేదీ మొన్నటి భాద్రపదం.

టేపు జేబులో వేసుకుని పడవ ఎక్కాను.
ఒక కొస సువార్తమ్మ పట్టుకుంది.
చెట్టు లేదు. చెట్టున్న చోటూ లేదు.
"పదకొండడుగులు తక్కువ" అన్నాను.
"పదకొండాండి? నేను ఏడనుకుంటన్నాను."
కాసేపాగి అవతలి ఒడ్డుకి చెయ్యి చూపింది.
"అక్కడ మేటేసిందండి. లెక్కకి అది మాదే."
నా ఫారంలో తరుగుకి గడి ఉంది,
మేటకి లేదు.

తిరిగొస్తుంటే ఇశ్రాయేలు ఇల్లు.
వంటగది సగం నీళ్ళ మీదికి వేలాడుతోంది.
వీధి గోడకి మా కంపెనీ పలక,
తాకట్టులో ఉన్నదని, రంగు పోకుండా.

ఆఫీసులో పాత బీరువా తీశాను.
మూడేళ్ళ కిందటి ఫైలు, అదీ పదింటిలో ఒకటే.
తూర్పు గోదావరి. సరి.
'రి'కి గుడి తెగిపోయే ఆ రాత నాదే.
ఆ రోజు నేను పడవ ఎక్కలేదు.
వాన అయ్యుంటుంది.
కాదు, నెలాఖరు.

సువార్తమ్మ ఫైలు మీద ఎర్రసిరాతో రాశాను:
కొలతలో వ్యత్యాసం, సొమ్ము విడుదల ఆపవలెను.
రెండో ఫైలు మూయలేదు.
"అది ఈసారి నమూనాలో లేదు కదండీ" అంది చంద్రకళ.
లేదన్నాను.
అదే పెన్నుతో
ఆ 'సరి' చుట్టూ సున్నా చుట్టాను.