అచ్చు అతుకు

నేను నేసేదాన్ని కాదండి, అతికేదాన్ని.
బండారులంకలో ఏ మగ్గం మీద పడుగు అయిపోయినా
పొద్దున్నే కేక వస్తుంది:
"చౌడమ్మా, బూడిద తెచ్చుకో!"

పాత పడుగు కొసలు పన్నెలోంచి వేలాడుతుంటాయి.
కొత్తది ఎదురుగా, ఇంకా ఎవరికీ ఏమీ కానిది.
ఇటునుంచొకటి, అటునుంచొకటి,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
చిటికెడు బూడిద, ఒక్క పురి.
ఇలా నాలుగువేల ఎనిమిదివందలు.
నేను లెక్కపెట్టను. లెక్కపెడితే చెయ్యి ఆగిపోద్ది.

అందుకే ఈ మగ్గాల మీద
ఏ చీరా మొదలవలేదు.
నిరుటి చీర తోకకే ఈ ఏటి చీర తల.
మా అత్త వదిలిన కొసకి నేను,
ఆవిడ అత్త వదిలిన కొసకి ఆవిడ.
అంతకు ముందెవరో నాకు తెలీదు.

పట్టు చైనాది.
కట్టమీది కాగితంలో అక్షరాలు
పందిరెక్కిన పొట్లతీగల్లా ఉంటాయి, నాకు రావు.
చిలప విప్పితే మాత్రం ఎప్పుడో ఒకసారి
లోపల ఓ ముడి తగుల్తుంది.
మనవాళ్ళు వేసే ముడి కాదు.
ఎడమచేతి వాటం.
"అది మిషన్ వేసింది" అంటాడు సొసైటీ గుమాస్తా రత్నాజీ.
మిషన్‌కి ఎడమచెయ్యి ఉంటదా?

చిన్నప్పుడు హరికథలో అమ్మవారికి
చీనాంబరం కట్టబెడుతుంటే
చిన్న అంబరమేమో అనుకున్నాను.
అంత దేవతకీ గుడ్డ చాలలేదు గదాని
ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ రత్నాజీయే మొన్న చెప్పాడు:
అక్కడ రెండువేల ఏళ్ళనాటి సమాధిలో
పొడుగుచేతుల అంగీ దొరికిందట.
తూస్తే యాభై గ్రాములు లేదట.
మళ్ళీ అలాంటిది నేద్దామని చదువుకున్నవాళ్ళు కూర్చుంటే
బరువెక్కువ వచ్చేదట.
ఏంటయ్యా అంటే
ఈ కాలప్పురుగులు మేత మరిగి బలిశాయి,
పోగు లావైపోయిందట.
ఆఖరికి పురుగుల్నే సన్నగా పెంచారట, ఏళ్ళ తరబడి.

"మరి వేళ్ళనో?" అన్నాను.
రత్నాజీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కాగే నీళ్ళలో పట్టుకాయలు తేలుతుంటే
పుల్లతో తడిమి తడిమి కొస దొరకబుచ్చుకున్న పిల్ల,
మగ్గం నెత్తిన కూర్చుని
కిందాయన అరిచే లెక్కకి తాళ్ళు లాగిన కుర్రాడు...
పెట్టెలో అంగీని మడతపెట్టి దాచారు గానీ
వీళ్ళ పేర్లు ఎవరు దాచారు?
ఆ కుర్రాడికి కాళ్ళు తిమ్మిరెక్కే ఉంటాయి.
ఎవరైనా దింపారో లేదో.

శ్రావణంలో వైనతేయ ఎర్రబడితే
గట్టు దాటి రానక్కర్లేదండి.
నేల అడుగునుంచే వచ్చి
మగ్గం గుంటలో కూర్చుంటుంది.
ఈ ఏడూ అంతే.
విరూపాక్షం గారు మోకాలిలోతులో నిలబడి
చెంబుతో తోడుతున్నారు,
తోడినంతా మళ్ళీ ఊరుతోంది.
నేను పైన, బూడిద ఒళ్ళో దాచుకుని.
గాలికే తడి. పోగు వేలికి ఆనదు, జారుతుంది.

"ఆపేయ్ చౌడమ్మా, వరద తీశాక చూద్దాం."

అప్పుడే తగిలింది, ఎడమచేతి ముడి.
పన్నెలో చిక్కుతుంది, కోసి పారేయాలి.
నాకు పని నేర్పినావిడ నేర్పింది అదే.
కొయ్యలేదు.
ఉమ్మి తడి చేసి నలిపాను, సన్నగా, ఇంకా సన్నగా,
దాని పక్కనే నా పురి పెట్టాను.

సాయంత్రానికి అతుకులయ్యాయి.
ఆయన దోనె తిప్పి మెల్లిగా లాగారు.
అన్నీ జారాయి.
ఒక్కచోట పన్నె పట్టేసింది,
ఆవగింజ చిటిలినంత చప్పుడు,
వదిలేసింది.

"ఏంటది?" అన్నారు గుంటలోంచి.

"చుట్టాలండి" అన్నాను.
"మీరు నీళ్ళు తోడండి."