అక్షరానికి ఐదు రూపాయలు

దేవరకొండల పుట్టి
నలబై ఆరేండ్లు ఖిల్లా నీడల బతికి
ఇయ్యాల మొదటిసారి
కూలికి పోతున్న కోట మీదికి.

మున్సిపాలిటీ ఆర్డరు:
దిగువ పార్కుల సిమెంటు జింకకు గోధుమరంగు,
తొండం ఇరిగిన ఏనుగుకు బూడిదరంగు,
పైన దర్వాజ కాడ రేకుబోర్డు మీద
తెల్లటి మీద ఎర్రగ ఒక్కటే మాట:
"కోట గోడల మీద పేర్లు రాయరాదు."

క్లర్కు దశరథం సారు
అక్షరానికి ఐదు రూపాయలన్నడు.
ఒత్తులకు ఏరేనా సారూ అంటే
నవ్విండు, ఇయ్యలే.
ఫైలు మూసుకుంట మెల్లగ అన్నడు:
"పాత రాతలుంటె తుడువు, యాబై ఎక్కువిస్త.
మూడో దర్వాజ కాడ జర మంచిగ తుడువు."

జింకకు కండ్లు పెట్టేసరికి
పొద్దు గుట్టెక్కింది.
రంగు ఆరలేదురా అంటే పిల్లలింటరా,
ఏనుగు మీదికెల్లి జారుతనే ఉన్నరు.
ఒక్కొక్కని లాగు ఎనక
ఏనుగంత మచ్చ.

సంచి భుజానేసుకొని ఎక్కిన.
మెట్లంటె మెట్లు గావు,
ఎవరో దొర్లించి యాది మరిచిన బండలు.
రెండు దిక్కుల సీతాఫలం కొమ్మలు
అంగి పట్టి గుంజుతున్నయి,
కాయలింకా కండ్లు తెరువలే.

మొదటి దర్వాజ నీడల
మేకల సోమ్లి కూసోని
రొట్టె నములుతుంది.
"ఏం రాయనీకొస్తివి?"
"రాయొద్దని రాయనీకి."
శానసేపు నవ్వింది.
మేకలు సుత తలెత్తి జూసినయి.

బోర్డు రాసిన, గంట పట్టింది.
'గోడ'ల డ పొట్ట కొంచెం పెద్దదైంది.
ఆరనీకి గోడకు ఆనిచ్చి పెట్టిన.
రంగు మిగిలింది, పొద్దు మిగిలింది.
సుట్టపింటికి పోయినట్టు
లోపలికి పోయిన.

మూడో దర్వాజ ఎడమపక్క
రాళ్ల సందుల
పచ్చరంగు.
నా పచ్చరంగు.

పది ఫెయిలైన ఎండకాలం
కాక సైకిల్ షాపుల ఎత్తుకొచ్చిన డబ్బాతోని
పేరుకు రెండు రూపాయలు తీస్కొని
ప్రేమించుకున్నోళ్లను రాసిన గోడ ఇది.
బాణం గుచ్చిన గుండెకాయకు రూపాయి ఎక్కువ.
బ్రష్షు ఏడ ఒత్తాలె, ఏడ ఇడువాలె
బడి చెప్పలే నాకు,
ఈ గరుకురాయి చెప్పింది.

ఉద్దెర పద్దు చదివినట్టు
చదువుకుంట పోయిన.
యాదగిరి – సులోచన.
ఆయన లారీ కింద పడ్డ ఏడే
ఆమెకు టీచరు నౌకరొచ్చింది.
అంజిరెడ్డి – నూర్జహాన్.
ఆ రాత్రే బస్సెక్కిండ్రు,
ఇప్పుడు హాలియాల టైర్ల దుకాణం,
ముగ్గురు పిల్లలు.
ఒక పేరు పక్కన జాగ ఖాళీ.
"ఆమె ఒప్పుకున్నంక రాద్దం" అని
అడ్వాన్సు ఇచ్చి పోయినోడు మళ్ల రాలే.
ఆ రెండు రూపాయలు
ఇంకా నా జేబుల ఉన్నట్టే లెక్క.

దాని కింద
బాణం గుచ్చిన గుండెకాయల
దశరథం – ఇంద్రకళ.

సారు ఇంటి గేటుకు
'అనసూయ నిలయం' అని రాసింది నేనే,
మొన్న దసరాకు.

థిన్నర్ సీస మూత తీసిన.
గుడ్డ తడిపిన.
'ద' పోయింది, 'శ' పోయింది,
'ర' కొంచెం మొండికేసి పోయింది.
సున్న చుట్టు పచ్చటి నీళ్లు కారినయి.
ఇంద్రకళ కాడ చెయ్యి ఆగింది.

యాదికొచ్చింది.
ఆ పొద్దు సారు జేబుల పైసల్లేవు.
ఆమెనే కొంగుముడి ఇప్పింది,
అన్నీ పావలాలు,
రెండుసార్లు లెక్కపెట్టి
గుండెకాయ రూపాయితో సహా
నా చేతుల పోసింది.

ఆమె పైసలతోని రాసిన పేరు
ఆయన పైసలతోని ఎట్ల తుడువాలె?

సీసకు మూతపెట్టిన.
సగం పనికి ఇరవై ఐదే ఇయ్యి సారూ అంట.
ఇయ్యకున్న సరే.

దిగొచ్చేసరికి
సోమ్లి మేకలను మలుపుకొస్తుంది.
నా బోర్డుకు ఒరుసుకొని పోయినట్టుంది
ఒక తెల్లమేక.
దాని డొక్క మీద, తిరగబడి, ఎర్రగ
'రాదు' అన్నంత మట్టుకు
అంటుకుంది.
అదట్లనే సీతాఫలం ఆకు కొరుక్కుంట
గుట్ట దిగి
ఊర్లెకు పోయింది.