పొల్లు

కుతయిసిలో, రియోని ఒడ్డు మైదానంలో
ఫుట్‌బాల్ కోచ్‌ని పిలవాలంటే
ఆరు హల్లులు ఒక్క ఊపిరిలో
ఇరుకు గుమ్మం దాటాలి:
మ్‌త్స్‌వ్‌ర్‌త్‌నేలి.
పదకొండేళ్ల ఉషాంగి గడప దగ్గరే ఆగిపోతాడు.
మ్. మ్. మ్.
ఈలోగా బంతి గోల్‌లో పడిపోతుంది.

రాసుకుందామని కూర్చుంటే
నా కలానికీ అడ్డం పడిందా మాట.
మనం ఒత్తుల్ని అక్షరం కింద వేలాడదీస్తాం,
చంకన పిల్లల్లా.
వాళ్ల లిపిలో అందరూ ఒకే బెంచీ మీద
భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు,
ఎవరూ ఎవరి ఒళ్లోకీ ఎక్కరు.

ఉషాంగి లెక్కల పుస్తకం వెనకవైపు నుంచి
సొంత భాష ఒకటి మొదలుపెట్టాడు.
చట్టం ఒక్కటే: ప్రతి హల్లుకీ ఒక అచ్చు తోడు.
నీళ్లు లుమె. రొట్టె తపొ.
కోచ్‌కి హల్లే లేదు, ఒట్టి ఓ.
అక్క త్సియూరి వారంలో నేర్చేసుకుంది.
మెట్ల మీద, బస్సులో, దీపం ఆర్పాక
లుమె, తపొ, నిలొర మెకు.
వాడి నోట ఒక్క తడబాటు లేదు.

నవంబరులో మాండరిన్ పళ్ల బుట్ట వచ్చింది.
"ఒలవడానికి మాటేదిరా?" అంది, ఒలుస్తూనే.
పుస్తకంలో లేదు.
సొలె అన్నాడు, బాలేదంది.
మివ అన్నాడు, నవ్వింది.
ఇంకేం లేవో ఎంచుతూ పోయింది, పేజీ తర్వాత పేజీ:
గోరు లేదు, మెరుపు లేదు, గుహ లేదు.
ఆ భాషలో బతిమాలొచ్చు, నిద్రపుచ్చొచ్చు.
తిట్టబోతే ప్రతి మాటా జోలై జారిపోయింది.
పుస్తకం లాక్కుని అరిచాడు:

గ్‌వ్‌ప్‌ర్‌త్స్‌క్‌వ్‌ని!

నువ్వు మమ్మల్ని ఒలిచేస్తున్నావు.
మమ్మల్ని అంటే వాడినీ, వాడి భాషనీ.
ఎనిమిది హల్లులు, ఒక్కటీ తొట్రుపడకుండా,
చివర్న తోక పట్టుకుని ఒక చిన్న ఇకారం.
త్సియూరి చేతిలో తొన సగంలో ఆగింది.

అచ్చు లేని హల్లుని మనం పొల్లు అంటాం.
పొల్లంటే గింజ లేని ఊక కూడా.
ఊదితే ఎగిరిపోవాలి.

తెల్లారి మైదానంలో మళ్లీ
మ్. మ్.
కోచ్ జవూరి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు,
కట్టి ఉన్నదే విప్పి.

రాత్రి ఉషాంగి పుస్తకం తెరిచి
సొలె అన్న మాట దగ్గర
నడుమనున్న అచ్చుని రబ్బరుతో చెరిపాడు.
స్లె.
కాగితం అక్కడ కొంచెం పలచబడింది.
వేలికి ఇంకా నారింజ వాసన.