బనాయించుడు

దేవరకొండ కోర్టు ఎదురుంగ
జిరాక్సు షాపు ముందలి రేకుల కింద
ఇరవై రెండేండ్లుగ టైపు కొడుతున్న.
నా కుర్చీ గౌసుమియా చేసింది.
తుమ్మకర్ర. ఒక్క మేకు లేదు.
ఇచ్చిననాడు దాని వీపు మీద చరిచి అన్నడు:
"బనాయించిన బిడ్డా, కూసో.
నీ తర్వాత నీ కొడుకు కూసుంటడు."

ఆయన నోట్లె ఆ మాటకు
చెక్కపొట్టు వాసనుండేది.
మంచం బనాయించిన, దర్వాజ బనాయించిన,
పెద్దకూతురి పెండ్లికి సందుగ బనాయించిన.
లేనిదాన్ని ఉన్నట్టు చూపుడు కాదది,
లేనిదాన్ని ఉండేటట్టు చేసుడు.

మనం దానికి 'ఇంచు' అని తోక కట్టి
కచేరి మెట్లెక్కిచ్చినం.
ఎక్కింది మళ్ల దిగలె.
ఒకనాడు పేపర్ల చూసి సదివిన:
"ఫలానాయన మీద కేసు బనాయించిండ్రు."
గౌసుమియా బాడిస ఆపి అడిగిండు,
"అట్లనా? ఎన్ని రోజులు పట్టిందట?"

మొన్న పొద్దుగాల రమావత్ సక్రి వచ్చింది.
కొంగు ముడిల పది రూపాయల నోట్లు,
వాటి నడుమ మడతలు పడ్డ ఒక చీటి.
పెనిమిటి లచ్చు నల్లగొండ జైల్ల ఉన్నడు.
ఎవరిదో బత్తాయి తోటల
మోటర్ల రాగితీగె పోయింది, పదకొండు కిలోలు.
దొంగ దొరకలె. లచ్చు దొరికిండు.
ఆ రాత్రి లచ్చు షోలాపూర్ కాడ
కేబులు కాల్వ తవ్వుతున్నడని
ముకద్దం ఇచ్చిన చీటిల ఏలిముద్రున్నది.

నేను కొట్టిన, సదివి ఇనిపిచ్చిన:
"సదరు లచ్చుపై అక్రమముగా కేసు బనాయించినారు గనుక..."

ఆమె చెయ్యెత్తి ఆపింది.
"బనాయించుడంటే ఏంది సారూ?
మా తండాల రొట్టె బనాయిస్తరు.
పిండి ఉండాలె, నీళ్లుండాలె, పొయ్యి మండాలె.
కేసుకు ఏముండాలె?"

నిఘంటువు లెక్క మొదలువెట్టిన.
కల్పించుడు, అంటగట్టుడు, పుట్టిచ్చుడు,
మసిపూసి మారేడుకాయ...
అక్కడ ఆగిన.
మారేడుకాయ గురించి అందరు చెప్తరు.
మసి పూసినోని చేతులెట్లుంటయో
ఒక్కడు చెప్పడు.

కేసుకు ఒక తారీఖు ఉండాలె సక్రమ్మా.
ఇద్దరు పంచులుండాలె, రాకున్నా మంచిదే,
సంతకాలొస్తే చాలు.
"నమ్మదగిన సమాచారం మేరకు" అని
మొదలుండాలె.
ఒక టైపు కొట్టేటోడు ఉండాలె.

ఇవన్నీ ఆమెతోని అనలె.
పదిహేడు రోజుల కింద
ఇదే కుర్చీల కూసోని కొట్టిన పంచనామ
కండ్ల ముందటికొచ్చింది.
కానిస్టేబులు చాయ్ ఊదుకుంట చెప్పిండు,
నేను కొట్టుకుంట పోయిన.
తోట, మోటరు, రాగి పదకొండు కిలోలు.
పేరు కాడికొచ్చి అడిగితే
"ఖాళీ ఇడువు, తర్వాత రాస్కుంటం" అన్నడు.
పేజీకి ఇరవై. చిల్లర లేదని
యాబై ఇచ్చి పోయిండు.
నా పని నేను పొగుడుకోవద్దు గని
అందుల ఒక్క అక్షరం తప్పులేదు.
ఖాళీ కూడ కొలిచినట్టు ఇడిచిన,
ఒక మనిషి పట్టేటంత.

సక్రి ఇంక నా దిక్కే చూస్తున్నది.
"అంటే... అబద్ధం అమ్మా," అన్న.
"మరి అబద్ధమనే రాయరాదు?
గింత మంచి మాట ఎందుకు దానికి?"

కాయిదం తీసి చేతికిచ్చిన.
కొంగు ముడి ఇప్పబోతుంటే
వద్దమ్మా, పైసలు వద్దన్న.
"మంచోనివి సారూ," అన్నది,
దండం వెట్టి రోడ్డు దాటింది.

ఆ మంచోడు,
ఆడు నేను బనాయించినోడే.
ఎక్కువ సేపు పట్టలె.

ఎనకకు ఒరిగి కూసున్న.
కుర్చీ కిర్రుమంటదేమో అనుకున్న.
అనలె.
గౌసుమియా పని అట్లుంటది.