ఇరవై రెండు మిల్లీమీటర్లు

పీణ్యలో రేకులు వంచే షెడ్డు ముందు
అట్టముక్కలతో చేసిన కంప్యూటర్ని
చంకలో పెట్టుకుని నిలబడ్డాను.
మాకు లెక్క లీటర్లలో.
మామూలు డబ్బా నలభై లీటర్లు,
మాది పదకొండు దాటకూడదన్నారు.
బిందెడు నీళ్లు కూడా పట్టని చోటులో
ఒక ఆర్కిటెక్టు ఆసుపత్రి మొత్తం గీయాలి,
ఒక డబ్బింగ్ స్టూడియో రాత్రంతా గొంతులు కలపాలి.
కొండను అద్దంలో చూపడం తేలికే,
అద్దం వేడెక్కదు కదా.

పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డు:
ఒకే ఒరలో రెండు కత్తులు.
మధ్యన మదర్‌బోర్డుని వెన్నెముకలా నిలబెట్టి
చెరో పక్కకి పంపాను.
గాలి కింద నుంచి రావాలి, పై నుంచి పోవాలి,
దారిలో ఏ కేబులూ కాలు చాపకూడదు.

చెన్నబసప్ప రేకు అంచుని వేలితో తడిమి
"మేడం, ఇక్కడ మీ కస్టమర్ చెయ్యి తెగుద్ది" అన్నాడు.
నా బొటనవేలికి అప్పటికే బ్యాండేజీ.
అంచులన్నీ లోపలికి మడిచాం.

మడత అనగానే నాగభూషణం గుర్తొచ్చాడు,
హిందూపురంలో మా స్కూలు గౌన్లు కుట్టే దర్జీ.
అంచు లోపల మూడేళ్ల గుడ్డ దాచేవాడు.
జూన్‌లో కుట్టు విప్పితే
వెలిసిన నీలం కింద కొత్త నీలం పట్టీ.
ఎంత ఎదిగానో క్లాసంతా చదివేది.
సిగ్గేసేది.
ఇప్పుడు ఆ పట్టీనే
అల్యూమినియంలో ఎక్కడ దాచాలా అని చూస్తున్నాను.

రివ్యూలో శ్రీవత్సన్ స్క్రీన్ మీద ఎర్రగీత పెట్టాడు.
"ఇక్కడ ఇరవై రెండు మిల్లీమీటర్లు ఊరికే ఉంది.
మెమరీని బోర్డుకే అతికించేద్దాం,
రెండో స్లాటు తీసేద్దాం,
పది లీటర్ల లోపుకి దిగుతాం.
అసలీ ఖాళీ ఎవరికి?"
ఇంకా ఎవరూ తయారుచెయ్యని కార్డుకి, అన్నాను.
ఎంత పొడవు? తెలీదు.
ఎన్ని వాట్లు? తెలీదు.
ఎప్పుడొస్తుంది?
గదిలో ఏసీ చప్పుడు స్పష్టంగా వినిపించింది.

ఆ సాయంత్రం ఎస్పీ రోడ్డులో
ఇలియాస్ కొట్టు దగ్గర తేలాను.
కొట్టంటే మెట్ల కింద ఒక బల్ల, ఒక దీపం.
బల్ల మీద చిన్న యంత్రం, గులకరాయంత నున్నగా,
ఎక్కడా ఒక్క స్క్రూ లేదు.
వేడిగాలి పట్టి జిగురు కరిగిస్తున్నాడు.
ఒక్క మెమరీ చిప్పు పోయిందట,
మిగతాదంతా బతికే ఉందట.
"మార్చలేవా?"
"మార్చడానికి విడిగా ఏముందమ్మా,
అన్నీ కలిపి ముద్ద చేసేశారు.
దీన్ని గీసినోళ్లకి
నేనొకణ్ణి ఉంటానని తెలీదు."

నేనూ గీసేదాన్నేనని చెప్పలేదు.
అవసరం లేకపోయినా
వేళ్లతో తిప్పే స్క్రూలు నాలుగు కొనుక్కుని,
వానలో మెట్రో దాకా నడిచాను.

తర్వాత చాలా కోశాను.
కాళ్లు పొట్టి చేశాను, ఫ్యాను పలచన చేశాను,
అందరికీ నచ్చిన వెలిగే లోగోని పీకేశాను,
దాని వెనక తొమ్మిది మిల్లీమీటర్లు దొరికాయి.
ఇరవై రెండు జోలికి పోలేదు.
మొత్తం పదకొండు లీటర్లకి
ఒక గ్లాసు తక్కువ.
శ్రీవత్సన్ సంతకం పెట్టాడు,
ఒప్పుకున్నాడో విసిగిపోయాడో నాకు తెలీదు.

మొదటి లోహపు డబ్బా చూడ్డానికి
మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డుకి వెళ్లాను.
చెన్నబసప్ప దాన్ని బల్ల మీద పెట్టి
ఖాళీ స్లాటులో
గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు నిలువుగా దోపాడు.
బిగువుగా, కదలకుండా కూర్చున్నాయి.
"ఏడు పట్టినై మేడం."
ఎనిమిదోది?
మూత మీది స్క్రూని రెండు వేళ్లతో తిప్పి చూపించి,
ఒక రొట్టె తీసి
సగం నాకిచ్చాడు.